ఆగస్టు 22, సెప్టెంబరు 17

సెప్టెంబరు 17 వచ్చిందంటే మన పిల్లలకు బడిలో ఒక ప్రశ్న ఎదురవుతుంది: "అప్పుడు మీవాళ్లు ఎటువైపు?" జవాబు తెలియక తల దించుకుంటారు. ఆ జవాబు అంతకు 26 రోజుల ముందు తేదీలో ఉంది. దాతలైన మీతో కలిసి ఆ రెండు తేదీలనూ పక్కపక్కన పెట్టి చూద్దామనుకున్నాం.

మొదటిది 1948 ఆగస్టు 22. మహబూబాబాద్ ప్రాంతంలోని సుబ్రవేడులో 1920లో పుట్టిన షోయబుల్లా ఖాన్ హైదరాబాదులో 'ఇమ్రోజ్' ఉర్దూ పత్రిక నడిపారు. రజాకార్ల దౌర్జన్యాలను ఎండగట్టారు. సంస్థానం భారత యూనియన్‌లో కలవాలని రాశారు. బెదిరింపులు వచ్చినా కలం ఆపలేదు. ఆగస్టు 21 రాత్రి పత్రికాఫీసు నుంచి ఇంటికి వెళ్తుండగా దుండగులు ఆయనను కాల్చి, చేయి నరికారు. వెంట ఉన్న బావమరిది ఇస్మాయిల్ ఖాన్ చేయి కూడా తెగింది. తెల్లవారేలోగా షోయబుల్లా కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 28 ఏళ్లు నిండలేదు.

రెండోది సెప్టెంబరు 17. ఆ నెల 13న భారత సైన్యం సంస్థానంలో అడుగుపెట్టింది, 17న నిజాం లొంగిపోయాడు. షోయబుల్లా కోరుకున్న రోజు వచ్చింది, చూడడానికి ఆయన లేరు. ఆ వెనువెంటనే జరిగిన హింసలో ఏ పాపం ఎరుగని ముస్లింలు ఎందరో బలయ్యారు. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ మృతుల సంఖ్యను 27 వేల నుంచి 40 వేలుగా అంచనా వేసింది. ప్రాణాలకు తెగించి ముస్లిం పొరుగువారిని కాపాడిన హిందువుల గురించీ ఆ కమిటీయే రాసింది.

ముస్లిం పేరున్న రజాకార్లే ముస్లిం సంపాదకుణ్ణి చంపారు. హిందువులే ముస్లింలను కాపాడారు. అంటే గీత మతాల మధ్య లేదు, జులుంకూ న్యాయానికీ మధ్య ఉంది. జనగామ వాళ్లకు ఇది కొత్త కాదు. కామారెడ్డిగూడెం రైతు షేక్ బందగీ తన భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి ప్రాణమిచ్చాడు. ఆయన సమాధి దగ్గర ఈనాటికీ అన్ని మతాలవారూ తల వంచుతారు.

మా విన్నపం ఒక్కటే. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లిలో మీ సాయంతో చదువుకునే పిల్లలకు ఫీజుతో పాటు ఈ రెండు తేదీల కథనూ అందిద్దాం. ఆగస్టు 22 తెలిసిన పిల్లవాడు సెప్టెంబరు 17న తల దించుకోడు. రెండు తేదీల్లోనూ ప్రాణాలు కోల్పోయిన వారందరి కోసం దువా చేద్దాం. ఆమీన్.