పొరుగింటికి పండ్ల గిన్నె పంపేముందు

మన పల్లెల్లో ఇంట్లో ఏదైనా ప్రత్యేకంగా చేస్తే, నాలుగు గిన్నెల్లో సర్ది ఇరుగుపొరుగు వారికి పంపిన తరువాతే మనం తింటాము. సంక్రాంతి అరిసెలు, క్రిస్మస్ కేకు, రంజాన్ సేమ్యా పాయసం ఇలాగే ఇల్లిల్లూ తిరుగుతాయి. అయితే వీటిలో ఎక్కువ భాగం నూనె, బెల్లం, పంచదారలే. షుగరు ఉన్నవారు లేని వీధి అరుదైన ఈ రోజుల్లో, అప్పుడప్పుడు ఒక గిన్నెడు తాజా పండ్ల ముక్కలు పంపితే ఎంతో మేలు.

కాని ఒక సంగతి గమనించండి. అరిసె కాగే నూనెలో వేగుతుంది, పాయసం పొయ్యి మీద మరుగుతుంది. ఆ వేడికి రోగక్రిములు చాలావరకు నశిస్తాయి. పండ్ల ముక్కలకు ఆ రక్షణ లేదు. మీ చేతులు, మీ కత్తి, మీ నీరు ఎంత శుభ్రంగా ఉంటే ఆ గిన్నె అంతే శుభ్రంగా ఉంటుంది. అందులోని క్రిములు కూడా గిన్నెతో పాటు నాలుగిళ్లకూ వెళతాయి.

అడవులదీవి, నిజాంపట్నం వంటి తీరగ్రామాల వారు ముందు నీటి సంగతి చూసుకోవాలి. సముద్రం దగ్గర కావడం వలన చాలాచోట్ల బోరు నీరు ఉప్పగా ఉంటుంది. కాలువ నీటిని చెరువుల్లో నిలవచేసి వాడుకోవలసి వస్తుంది. పండ్లను మొదట మామూలు నీటితో రుద్ది కడిగినా, చివరిసారి మాత్రం కాచి చల్లార్చిన నీటితోనే కడగండి. నీరు తెర్లిన తరువాత ఒక నిమిషం ఆగి దించితే చాలు. తొక్క తీసి పారేసే బొప్పాయిని, పుచ్చకాయను కూడా కోయకముందే కడగాలి. పైనున్న మట్టిని కత్తి లోపలికి లాక్కుపోతుంది.

తరువాత కత్తిపీట. చేపలు, రొయ్యలు నిత్యం వండుకునే ఇళ్లలో చాలామందికి అన్నిటికీ ఒకటే కత్తిపీట. పొద్దున చేపలు తోమిన పీటను నీళ్లతో తొలిచి, సాయంత్రం దాని మీదే జామకాయ కోస్తారు. వాసన పోయింది కదా అనుకోవద్దు, పచ్చి చేపలోని క్రిములకు వాసన ఉండదు. పండ్లకు వేరే చాకు ఒకటి పెట్టుకోండి. అది లేకపోతే కత్తిపీటను సబ్బుతో తోమి, మరిగే నీరు పోసి వాడండి. చేతులకు కూడా సబ్బు తప్పదు.

చల్లగా ఉండాలని చేపల పెట్టెల్లో వేసే ఐసు గడ్డ తెచ్చి ముక్కల మీద వేయకండి. అది చేపలను నిలవ ఉంచడానికి చేసినది, తినడానికి కాదు. తినకూడని ఐసు తెలిసేలా నీలిరంగు కలపాలని మన దేశపు ఆహార భద్రతా సంస్థ 2018లో చెప్పింది. రంగు లేనంత మాత్రాన మంచిదని అనుకోవడానికి వీల్లేదు.

ఇక తయారీ. ఇరవైమందికి తలా వంద గ్రాముల చొప్పున కావాలంటే కిలో బరువున్న బొప్పాయి ఒకటి, జామపండ్లు ఐదు, అరటిపండ్లు ఎనిమిది, దానిమ్మలు రెండు సరిపోతాయి. వేసవిలో తాటిముంజలు దొరికితే తప్పక చేర్చండి, వాటి ముందు ఆపిల్ ఏపాటి! హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఒక మనిషికి రోజుకు వంద గ్రాముల పండ్లు సూచిస్తున్నది. ఖరీదైన పండ్లే కావాలన్న నియమం లేదు. వంద గ్రాముల జామపండులో సుమారు 200 మిల్లీగ్రాముల విటమిన్ 'సి' ఉంటుంది, అది బత్తాయిలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఆకుకూర, పప్పుతో భోజనం చేసిన వెంటనే జామ తింటే ఆ తిండిలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. రక్తహీనత ఉన్న ఆడపిల్లలకు ఇది మంచి అలవాటు.

అరటిని చివరగా కోసి, వెంటనే రెండు నిమ్మకాయల రసం కలపండి. ముక్కలు త్వరగా నల్లబడవు. పంచదార, కస్టర్డు, డబ్బాపాలు వద్దు. ఉప్పు చల్లితే బి.పి. ఉన్నవారికి చెరుపు.

పంపేముందు ఆ ఇంట్లో ఎవరున్నారో తలచుకోండి. షుగరు ఉన్న పెద్దమ్మకు జామ, బొప్పాయి ఎక్కువ వేసి అరటి తగ్గించండి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి, ముఖ్యంగా డయాలసిస్ మీద ఉన్నవారికి, అరటి, సపోటా వంటివి ప్రమాదం కావచ్చు. వాటిలోని పొటాషియం రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. వారికి ఏ పండు ఎంత పెట్టవచ్చో వైద్యులనే అడగాలి. సపోటా గింజ కొక్కెంలా ఉండి గొంతులో పట్టుకుంటుంది కనుక పిల్లలకు ఒక్క గింజ కూడా లేకుండా ఏరండి. ఆరు నెలలలోపు బిడ్డకు తల్లిపాలు తప్ప ఏదీ పెట్టరాదు.

కోసిన తరువాత మూత పెట్టి వెంటనే పంపండి. "రెండు గంటలలోపు తినేయండి వదినా" అని చెప్పడానికి మొహమాటపడవద్దు. ఎండాకాలంలో గంటే గడువు. మిగిలినది రాత్రికి దాచవద్దు.

ఒకవేళ ఏ ఇంట్లోనైనా విరేచనాలు పట్టుకుంటే ఓ.ఆర్.ఎస్. పెద్ద పొట్లం మొత్తాన్ని ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలిపి కొద్దికొద్దిగా తాగించండి. బిడ్డ కళ్లు గుంటలు పడినా, మగతగా ఉన్నా, తాగలేకపోయినా, విరేచనంలో రక్తం కనిపించినా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకురండి.