ప్రతిరూపచిత్రణము: కారయిత, కర్త

ములుగు జిల్లాలోని పాలంపేట రుద్రేశ్వరాలయ ప్రతిష్ఠ శా.శ. 1135లో, అనగా క్రీ.శ. 1213లో జరిగినట్లు అచ్చటి శాసనము తెలుపుచున్నది. కట్టించినవాడు కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు. లోకవ్యవహారమున మాత్రము అది రామప్ప గుడి. రామప్ప శిల్పి యని జనశ్రుతి. 2021లో ఆలయము ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినప్పుడు ఈ రెండు పేర్లును జంటగానే నమోదైనవి. ఒకరు కోరగా వేరొకరు చేసిన కళాకృతికి కర్త ఎవ్వరు? ఒక వ్యక్తి రూపమును చిత్రకారునిచే వ్రాయించుకొను సందర్భమున ఈ ప్రశ్న మరింత సూక్ష్మమగును. ఏలయన, అచ్చట కృతికి ప్రమాణము సజీవమైన ముఖము.

వ్యాకరణము దీనికి త్రోవ చూపుచున్నది. పాణిని క్రియాసిద్ధియందు స్వతంత్రుడైనవానిని కర్తగా నిర్వచించి, తరువాతి సూత్రమున అతని ప్రయోజకునకు హేతుసంజ్ఞతోపాటు కర్తృసంజ్ఞను కూడ విధించెను. ప్రేరకుడు వచ్చినంతమాత్రమున ప్రేరితుని కర్తృత్వము తొలగదు. "రాజు చిత్రకారునిచే పటము వ్రాయించెను" అను వాక్యమున వ్రాయించుట రాజుది, వ్రాయుట చిత్రకారునిది. చిత్రకారుడు చేతిలోని కుంచె వలె కేవలము కరణము కాడు.

ప్రతిరూప లక్షణమును కల్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దమున మానసోల్లాసమునందు చెప్పెను. కాకతీయులు స్వతంత్రులగుటకు ముందు ఆ చాళుక్యులకు సామంతులు. అద్దమునందలి ప్రతిబింబము వలె సాదృశ్యము గల చిత్రము విద్ధము. ఆకారమాత్రము సిద్ధించునట్లు వ్రాసినది అవిద్ధము. అయినను సాదృశ్యమనగా అవయవముల కొలత మాత్రమే కాదు. నిద్రించువానిని చైతన్యము గలవానిగను, మృతుని చైతన్యరహితునిగను వేరుపరచి చూపగలవాడే చిత్రవేత్త యని విష్ణుధర్మోత్తర పురాణమందలి చిత్రసూత్రము చెప్పుచున్నది.

చిత్రమును వ్రాయించుటకు ఉత్తమోదాహరణము భవభూతి ఉత్తరరామచరిత ప్రథమాంకము. లక్ష్మణుడు తన ఉపదేశానుసారముగా చిత్రకారునిచే రామచరితమును వ్రాయించెను. అరణ్యవాసమును అనుభవించినవాడు లక్ష్మణుడు, చిత్రకారుడు కాడు. కావున ఉపదేశము అవసరమైనది. కాని ఫలితము ఉపదేశమును మించినది. శూర్పణఖను చూచి సీత భయపడగా, అది చిత్రమేయని రాముడు ఊరడింపవలసివచ్చెను. లక్ష్మణుడు సిగ్గుచే పేరు చెప్పక దాటవేసిన ఊర్మిళను సీత చిత్రమున గుర్తించి, ఈమె ఎవరని అడిగెను. వ్రాయించినవాడు మౌనము వహించినచోట చిత్రమే మాటాడినది.

శాకుంతల షష్ఠాంకమున దుష్యంతుడు తానే చిత్రకారుడు. శకుంతల రూపము పూర్తియైనను, చెవియందలి శిరీషపుష్పము, మాలినీనది ఇంకను వ్రాయవలసి యున్నవని అతడు తలచెను. ఇట్టి గుర్తులు ఆ వ్యక్తిని ఎరిగినవారికే తెలియును. వ్రాయించువాడు వేరైనపుడు వాటిని చెప్పు భారము అతనిదే.

తెలుగునేలపై ఈ సంబంధము చేర్యాల నకాషీ పటములలో నేటికిని కనబడుచున్నది. 2016 వరకు వరంగల్ జిల్లాలో నున్న చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లాలోనిది. మడేలు పురాణము, మార్కండేయ పురాణము, జాంబ పురాణము వంటి కులపురాణములను గానము చేయువారు తమ కథకు తగిన పటమును నకాషీలచే వ్రాయించుకొందురు. చింతగింజల అంబలి, సుద్దమన్ను, జిగురు పూసిన ఖాదీ బట్టపై ఎఱ్ఱని నేపథ్యమున కథాక్రమము సాగును. కథ గాయకునిది, రేఖ, వర్ణము, ముఖభేదము నకాషీవి. ఇవి కులమూలపురుషుల రూపములే గాని సజీవ వ్యక్తుల ప్రతిరూపములు కావు. అయినను కారయిత ఎంత చెప్పవలెనో, ఎచ్చట ఆగవలెనో ఈ సంప్రదాయము నేర్పుచున్నది.

దీనినిబట్టి రెండు దోషములు తేలుచున్నవి. కారయిత గుర్తులను, చిత్రప్రయోజనమును చెప్పకున్నచో విద్ధము కావలసినది అవిద్ధమగును. ప్రతి రేఖను తానే శాసించినచో కర్త కరణమగును. ముఖమున చైతన్యము లోపించును. తొలి రేఖాచిత్రమును ఉభయులును కలిసి పరిశీలించి, వర్ణములు వేయు వేళ చిత్రకారునకు స్వాతంత్ర్య మొసగుట ఈ రెంటిని పరిహరించు మార్గము. పాలంపేట ఆలయమునకు నిలిచిన రెండు పేర్లు ఈ ఉభయకర్తృత్వమునే తెలుపుచున్నవి.