పతకం అడిగిన మనవరాలికి

సూరత్, రింగ్ రోడ్

చిరంజీవి బిడ్డకు,

ఎన్‌డీఏ పరీక్ష రాస్తానన్నావని మీ అమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. నువ్వేమో సూర్యాపేటలో సంతోష్ బాబు విగ్రహం ఫొటో పంపి, నాకూ ఆయనకొచ్చినట్టు పతకం రావాలె తాతా అన్నావు. మార్కెట్‌లో పార్సిళ్ల హడావిడి తగ్గినంక దుకాణంలో కూర్చుని రాస్తున్నా. మీ అమ్మకు కూడా చదివి వినిపించు.

ముందు ఆయన అమరుడైన రాత్రి ఏ పని మీద పోయాడో తెలుసుకో. గల్వాన్ లోయలో వెనక్కి జరగాలని 2020 జూన్ 6న భారత్, చైనా సైన్యాల పెద్దలు ఒప్పుకున్నారు. 15 నాటికీ చైనా వాళ్లు కదలలేదు. ఆ మాట అమలు చేయించడానికి కల్నల్ సంతోష్ బాబు పోయాడు. 16 బిహార్ బెటాలియన్‌కు కమాండింగ్ ఆఫీసర్. కింద ఎందరో అధికారులున్నా తానే ముందు నడిచాడు. రెండు దేశాల మధ్య వాస్తవాధీన రేఖ దగ్గర కాల్పులు జరపొద్దని 1996లో ఒప్పందం ఉంది. అందుకే తుపాకులు పేలలేదు. రాళ్లు, మేకులు దిగ్గొట్టిన కర్రలు, ఉత్త చేతులు. ఒళ్లంతా దెబ్బలు తగిలినా చివరిదాకా జవాన్లను నడిపించాడని ప్రశంసాపత్రంలో రాశారు. ఆయనతో కలిపి మనవాళ్లు 20 మంది పోయారు. ఆయనకు 37 ఏళ్లు.

లాక్‌డౌన్ తర్వాత ఇక్కడి మార్కెట్లు అప్పుడప్పుడే తెరుచుకుంటున్నయి, అంతలో ఆ వార్త వచ్చింది. లింబాయత్‌లో, ఉధనాలో మగ్గాల మీద బతికే మన నల్లగొండ, వరంగల్ వాళ్లు చాలామంది అప్పటికే ఊళ్లకు పోయారు. మిగిలినవాళ్లం మన సూర్యాపేట పిల్లగాడట అని ఒకరికొకరం చెప్పుకుని కూలబడ్డాం. నాకు సొంత మనిషే పోయినట్టయింది.

సంతోష్ బాబు నాయన ఉపేందర్ బ్యాంకులో పనిచేశాడు. తాను సైన్యంలో చేరలేకపోయి, కొడుకును కోరుకొండ సైనిక్ స్కూల్లో వేశాడు. అక్కడి నుంచి ఎన్‌డీఏ, తర్వాత డెహ్రాడూన్ మిలిటరీ అకాడమీ. 2004లో అధికారి అయ్యాడు. కాంగోలో ఐక్యరాజ్యసమితి శాంతిదళంలోనూ పనిచేశాడు. ఎవరికీ కనపడని ఈ పదిహేనేళ్లే నాకు పెద్దగా తోస్తయి. ఆ రాత్రి జవాన్లు ఆయన వెంట నిలబడ్డారంటే, ఆ నమ్మకం ఒక్క రోజులో పుట్టింది కాదు.

మహావీర చక్రను 2021 నవంబర్‌లో రాష్ట్రపతి చేతుల మీదుగా తల్లి మంజుల, భార్య సంతోషి అందుకున్నారు. పరమవీర చక్ర తర్వాత యుద్ధ శౌర్యానికి అదే పెద్దది. ఆ వీడియో ఒక్కసారి చూడు బిడ్డా. మంజులమ్మ ముఖం చూడు. ఒక్కగానొక్క కొడుకు పోయిన దుఃఖం ఉంది, దేశం కోసం పోయాడన్న గర్వమూ ఉందని ఆమె అన్నది. మీ అమ్మ భయం ఊరికే పుట్టింది కాదు. ఆమె మీద కోపం తెచ్చుకోకు. ఆమెతో నేను మాట్లాడుతా.

ఆడపిల్లలకు ఎన్‌డీఏ తలుపులు 2022లో తెరుచుకున్నయి. 17 మంది అమ్మాయిల మొదటి జట్టు 2025లో బయటికొచ్చింది. నువ్వు రాయాల్సిందే. లెక్కలకు 300 మార్కులు, జనరల్ ఎబిలిటీకి 600. లెక్కలు నీకొస్తయి. ఇంగ్లిష్‌కు రోజూ పొద్దున గంట కేటాయించు, పరుగు మానకు. ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూ రాత పరీక్ష తర్వాత, అయిదు రోజులు ఉంటుంది. సైన్యంలోకి ఎందుకు వస్తున్నావని అక్కడ తప్పక అడుగుతారు. పతకం మాట లేకుండా నీ జవాబు రాసి నాకు పంపు.

ఆశీస్సులతో,
తాత