కోడిపిల్ల పెట్టా? పుంజా? – తెలుసుకునే విధం



మన ఊళ్లలో కోళ్లు లేని ఇల్లు తక్కువ. నాటు పెట్ట ఏడాదికి సుమారు 50 నుంచి 60 గుడ్లు పెడుతుంది. కొన్ని తింటాం, కొన్ని అమ్ముతాం, కొన్ని పొదిగిస్తాం. పుంజు గుడ్లు పెట్టదు గాని పండక్కి, మొక్కుకి, సంతలో అమ్మకానికి అక్కరకొస్తుంది. పది పెట్టలకు ఒక పుంజు ఉంటే చాలు. అందుకని పిల్లల్లో ఏది పెట్టో ఏది పుంజో తెలియాలి. తెలియక పెట్టపిల్లను అమ్ముకుంటే ఆ ఇంటికి ఏడాది గుడ్లు పోయినట్టే.

సంతల్లో గంపల నిండా పసుపు, ఎరుపు, పచ్చ రంగులు వేసిన పిల్లలు అమ్మకానికి వస్తాయి. "అన్నీ పెట్టలే, తీసుకోండి" అంటారు. ఆ మాట నమ్మొచ్చా? ఈ పాఠం చదివాక మీరే చెప్పండి.

1. ఆడా మగా అన్నది ఎప్పుడు తేలుతుంది?

జీవుల కణాల్లో క్రోమోజోములు ఉంటాయని సైన్సు పాఠంలో చదువుకున్నాం. పుంజులో జడ్, జడ్ అనే జత ఉంటుంది. పెట్టలో జడ్, డబ్ల్యూ అనే జత ఉంటుంది. పుంజు ఎప్పుడూ జడ్‌నే ఇస్తుంది. పెట్ట జడ్ ఇస్తే పిల్ల పుంజు, డబ్ల్యూ ఇస్తే పిల్ల పెట్ట. అంటే కోళ్లలో నిర్ణయం తల్లిది. మనుషుల్లో దీనికి తిరకాసు. ఎక్స్ ఇచ్చినా వై ఇచ్చినా అది తండ్రి నుంచే వస్తుంది. ఆడపిల్ల పుట్టిందని తల్లిని దెప్పడం ఎంత తప్పో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇంకో ముఖ్య సంగతి. కోడి కడుపులో పచ్చసొన విడుదలయ్యే వేళకే ఈ నిర్ణయం అయిపోతుంది. ఆ తర్వాతనే దాని చుట్టూ తెల్లసొన, పైన పెంకు ఏర్పడతాయి.

2. మనం వినే గుర్తులు

"మొనదేలిన గుడ్డు పుంజు, గుండ్రటి గుడ్డు పెట్ట" అని చాలామంది అంటారు. గుడ్డుకు ఆకారం వచ్చేది తల్లి కడుపులోని గొట్టంలో. అప్పటికే ఆడో మగో తేలిపోయింది గదా! కాబట్టి ఆకారానికీ దీనికీ సంబంధం లేదు.

"దారానికి సూది కట్టి పిల్ల మీద పట్టుకుంటే గుండ్రంగా తిరిగితే పెట్ట, అటూఇటూ ఊగితే పుంజు" అని ఇంకొకటి. అక్కడ ఊగేది మన చెయ్యి. కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీసి, తల పైకెత్తితే ఒకటి, ఊరికే వేలాడితే ఒకటి అనడం కూడా ఇట్లాంటిదే. పిల్లకు బాధ తప్ప వేరే ఫలం లేదు. పొదిగేటప్పుడు వేడి ఎక్కువైతే పుంజులు వస్తాయన్నదీ నిజం కాదు. మొసలి గుడ్లలో వేడినిబట్టి ఆడా మగా మారుతుంది గాని కోడిగుడ్లలో మారదు.

మరి ఈ మాటలు ఇన్నాళ్లూ ఎట్లా నిలిచాయి? పిల్లల్లో దాదాపు సగం పెట్టలు, సగం పుంజులు. కళ్లు మూసుకుని చెప్పినా పదింటిలో అయిదు దాకా సరిపోతాయి. సరిపోయినవి గుర్తుంటాయి, తప్పినవి మరిచిపోతాం.

3. హేచరీలో ఎట్లా చూస్తారు?

1920లలో జపాన్ శాస్త్రజ్ఞులు ఒక పద్ధతి కనిపెట్టారు. పుట్టిన ఒక రోజులోపు పిల్ల మలద్వారాన్ని మెల్లగా విప్పి లోపలి చిన్న బుడిపెను చూస్తారు. కొన్ని పెట్టపిల్లలకు కూడా బుడిపె ఉంటుంది గనక తేడా పట్టడానికి చాలాకాలం శిక్షణ కావాలి. మనం చేస్తే పిల్ల చచ్చిపోవచ్చు. చెయ్యకూడదు.

ఇంకో పద్ధతి రెక్క ఈకలు. రెక్క విప్పితే రెండు వరసలు కనిపిస్తాయి. కింది వరస పొడుగ్గా, పై వరస పొట్టిగా ఉంటే పెట్ట. రెండూ సమానంగా ఉన్నా, పై వరసే పొడుగ్గా ఉన్నా పుంజు. అయితే ఇది అందుకోసమే జతకట్టించిన ఫారం జాతులకే పనిచేస్తుంది. అదీ మొదటి ఒకటి రెండు రోజులే. మన నాటుకోళ్లకు పనిచెయ్యదు.

ఇట్లా విడదీశాక గుడ్ల జాతిలో పెట్టలన్నీ ఫారాలకు పోతాయి. పుంజులు గుడ్లు పెట్టవు, మాంసానికీ తొందరగా ఎదగవు. అందుకని చాలాచోట్ల మొదటి రోజే చంపేస్తారు. జర్మనీ దేశంలో 2022 జనవరి 1 నుంచి అట్లా చంపడాన్ని నిషేధించారు. మన దేశంలో ఆ పుంజుపిల్లలకే రంగులు వేసి చవకగా అమ్మడం ఉంది. "అన్నీ పెట్టలే" అన్న మాటలోని అసలు సంగతి ఇప్పుడు అర్థమైంది గదా! గుడ్ల కోసమని అవి కొంటే గంపెడు పుంజులు ఇంటికొస్తాయి.

4. మన ఇంట్లో చూసే పద్ధతి

ఒకే పొదుగు పిల్లల్ని, ఒకే జాతివాటిని పక్కపక్కన పెట్టి పోల్చాలి. వయసు తేడా ఉంటే పొరబడతాం.

5, 6 వారాలకు: పుంజుపిల్ల తలమీద జుట్టు పెద్దదై ఎర్రబడుతుంది. గడ్డం కింద ఎర్ర తోలు కూడా కనిపిస్తుంది. పెట్టపిల్లకు అది చిన్నగా, పాలిపోయి ఉంటుంది. పుంజు కాళ్లు లావుగా ఉంటాయి. అసీలు జాతిలో జుట్టు పుంజుకు కూడా చిన్నదే, కాబట్టి దాంట్లో కాళ్లు, ఒడ్డు చూడాలి.

10, 12 వారాలకు: మెడమీద, తోక ముందర నడుం మీద ఈకలు చూడండి. పుంజుకు సన్నగా, మొనదేలి, మెరుస్తూ ఉంటాయి. పెట్టకు ఈక చివర గుండ్రం. ఇది అన్నిటికంటే నమ్మకమైన గుర్తు.

ఆ తర్వాత: పుంజు తోక ఈకలు కొడవలిలాగ వంగుతాయి, కూత మొదలవుతుంది.

పోట్లాడుతుంది గనక పుంజు అనుకోవద్దు. చిన్నప్పుడు పెట్టపిల్లలు కూడా ఎదురెదురు నిలబడి ఎగురుతాయి.

5. చేసి చూడండి

దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు కొత్తగా పుట్టిన పదిపిల్లల కాళ్లకు తలొక రంగు దారం వదులుగా కట్టండి. అవ్వనో తాతనో అడిగి ఏది పెట్ట, ఏది పుంజు అని నోటుబుక్కులో రాసుకోండి. ఏ గుర్తుతో చెప్పారో కూడా రాయండి. కాలు లావెక్కుతుంది గనక వారం వారం దారం విప్పి మళ్లీ కట్టమని ఇంట్లో చెప్పి రండి, లేకుంటే కాలు కోసుకుపోతుంది. సంక్రాంతికి పోయేటప్పటికి మూడు నెలలు దాటుతాయి. అప్పుడు సరిచూడండి. అయిదారు సరిపోతే ఆ గుర్తుకు విలువ లేదు. పదికి పదీ గుడ్డిగా సరిపోవడం వెయ్యిసార్లలో ఒక్కసారి జరుగుతుంది. అట్లా వస్తే ఆ గుర్తును మళ్లీ ఇంకో పొదుగు మీద పరీక్షించాలి. హాస్టలు వెనక కోళ్లు పెంచే వీలుంటే వార్డెన్ గారి అనుమతితో ఇక్కడే చెయ్యవచ్చు.

నాటు పిల్లలకు మూడు నెలలు నిండకముందు "ఇది పెట్టే" అని ఎవరన్నా ఎక్కువ ధర అడిగితే ఇవ్వకండి. మన పిల్లల్ని కూడా అంతవరకు తొందరపడి అమ్ముకోకండి.

జవాబులు చెప్పండి:
(1) పెట్టా పుంజా అనేది తల్లివల్ల తేలుతుందా, తండ్రివల్లా?
(2) గుడ్డు ఆకారాన్నిబట్టి ఎందుకు చెప్పలేం?
(3) మూడు నెలల పిల్లలో ఏ ఈకలు చూడాలి?