సాలు తప్పని ట్రాక్టరు

పిల్లలూ, ముందు ఒక మాట నేర్చుకుందాం: సాలు. పొలంలో నాగలి గీసిన గీతే సాలు. ఎక్కువ ఉంటే 'సాలులు' అనకూడదు, సాళ్లు అనాలి. కాలు - కాళ్లు, వేలు - వేళ్లు లాగా.

వేరుశనగ, కంది, పత్తి సాళ్లలోనే వేస్తారు. మొక్కల మధ్య దారి ఉంటేనే కదా గుంటక తోలి కలుపు తీసేది! ఎద్దులు గొర్రు లాగుతుంటే, వెనక నడిచేవాళ్లు జడ్డిగంలో గింజలు పోసేవాళ్లు. సాలు వంకర పోయిందంటే ఊళ్లో నవ్వులే.

ఇప్పుడు మీ ఇంగ్లండుకి వద్దాం. ష్రాప్‌షైర్‌లో హార్పర్ ఆడమ్స్ యూనివర్సిటీ ఉంది. అక్కడ 2017లో ఒక హెక్టారు పొలంలో, అంటే సుమారు రెండున్నర ఎకరాల్లో, మనిషి కాలు పెట్టకుండానే బార్లీ పండించారు. చిన్న ట్రాక్టరు డ్రైవరు లేకుండా విత్తింది. డ్రోన్ పైనుంచి ఫోటోలు తీసింది. సెప్టెంబరులో పాత కోత యంత్రం తనంతట తానే కోసింది. నాలుగున్నర టన్నులు వచ్చాయి! పెద్ద ట్రాక్టరు ఎందుకు వాడలేదు? దాని బరువుకి నేల గట్టిపడిపోతుంది, వేర్లు లోపలికి పోలేవు. చిన్న బండి అయితే నేల గుల్లగా ఉంటుంది.

మన రైతుకి మాత్రం ట్రాక్టరు కన్నా పెద్ద చిక్కు వాన. తొలకరి పడగానే విత్తితే, తర్వాత వారాల తరబడి చినుకు లేకపోతే మొలకలు ఎండిపోతాయి. మళ్లీ విత్తనాలు కొనాలి, చాలామందికి అది అప్పే.

2016లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో 175 మంది వేరుశనగ రైతులకి ఫోనుకి తెలుగులో మెసేజ్‌లు వచ్చాయి. పంపింది హైదరాబాద్ దగ్గరి ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్‌తో కలిసి. ముప్పై ఏళ్ల వాన లెక్కలు కంప్యూటరుకిచ్చి, ఎప్పుడు విత్తాలో తేల్చారు. మామూలుగా జూన్ మొదట్లో విత్తేవాళ్లని నెలాఖరు దాకా ఆగమన్నారు. పక్క పొలంలో విత్తేస్తుంటే చేతులు కట్టుకుని కూర్చోవడం ఎంత కష్టమో ఆలోచించండి! ఆగినవాళ్లకి సగటున 30 శాతం ఎక్కువ పండింది. (మెసేజ్ ఇంగ్లీషులో వచ్చుంటే ఎంతమంది చదివేవాళ్లో!)

అంతకుముందు ఈ లెక్క కార్తెలు చెప్పేవి. మృగశిర కార్తె జూన్ మొదటి పక్షంలో వస్తుంది.

ఇంట్లో చేయండి: తాతయ్యకో అమ్మమ్మకో ఫోన్ చేసి, "మన ఊళ్లో ఏ కార్తెలో ఏం విత్తేవాళ్లు?" అని తెలుగులోనే అడగండి. వాళ్లు చెప్పింది ఐదు వాక్యాల్లో రాయండి. 'సాళ్లు' అనే మాట ఒక్కసారైనా రావాలి.