దొంగ రికార్డులు – చిన్న కళాకారుల బతుకులు

ఒకరు పాడి రికార్డు చేసిన పాటను వారి అనుమతి లేకుండా నకలు తీసి అమ్మడమే పైరసీ. పైరసీ అనగానే మనకు కొత్త సినిమాలే గుర్తుకు వస్తాయి. కాని దాని దెబ్బకు తట్టుకోలేనిది ఊళ్ళలోని చిన్న కళాకారులే.

నకలు ఎలా పెరిగింది?

మన దేశంలో 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాటలు గ్రామఫోన్ రికార్డులకు ఎక్కాయి. ఆ రికార్డులు జర్మనీలోని హానోవర్‌లో ముద్రించేవారు. అక్కడివారికి గాయని ఎవరో తెలియాలని ఆమె పాట చివర తన పేరు చెప్పేది. రికార్డు ముద్రించడానికి ఫ్యాక్టరీ కావాలి కనుక నకలు తీయడం కష్టం. 1980లలో క్యాసెట్లు వచ్చాక చిన్న షాపులోనే నకలు తీయగలిగారు. తరువాత సీడీలు, మెమరీ కార్డులు ఆ పనిని మరింత సులువు చేశాయి. విదేశాల్లో స్వతంత్ర గాయకులు కొన్ని వందలే వేసుకునే ఎల్‌పీ రికార్డులకు సైతం దొంగ నకళ్ళు వస్తున్నాయి.

నష్టం ఎంత?

సీడీల కాలం లెక్క చూద్దాం. ఒక బుర్రకథ దళం 20,000 రూపాయలు ఖర్చుపెట్టి 500 సీడీలు చేయించి, ఒక్కొక్కటి 50 రూపాయలకు అమ్మిందనుకుందాం. 400 అమ్మితేనే పెట్టుబడి తిరిగి వస్తుంది. దొంగ సీడీల వల్ల 250 మాత్రమే అమ్ముడైతే 7,500 రూపాయల అప్పు మిగులుతుంది.

"నకలు వల్ల ప్రచారం వస్తుంది కదా" అని కొందరంటారు. అసలు సీడీ అట్టమీద దళం పేరు, ఊరు, ఫోన్ నంబరు ఉంటాయి. అది చూసి జాతరకో పెళ్ళికో పిలుస్తారు. నకలు మీద అవి ఉండవు. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరలోనో, ఏలూరు, తాడేపల్లిగూడెం ఊరేగింపుల్లోనో డీజే బాక్సుల్లో ఆ పాట మోగినా పాడినవారికి పిలుపు రాదు. పేరు లేని ప్రచారం కూడు పెట్టదు.

చట్టం ఏమంటుంది?

1. కాపీరైట్ చట్టం (1957) సెక్షన్ 52ఎ ప్రకారం రికార్డుపై తయారుచేసినవారి, హక్కుదారుని పేర్లు, చిరునామాలు, మొదట విడుదలైన సంవత్సరం ఉండాలి.

2. సెక్షన్ 63 ప్రకారం తెలిసి హక్కును ఉల్లంఘిస్తే 6 నెలల నుండి 3 సంవత్సరాల జైలు, 50 వేల నుండి 2 లక్షల రూపాయల జరిమానా.

3. 2012 సవరణ ద్వారా ప్రదర్శించిన కళాకారునికి తన పేరు చెప్పించుకునే హక్కు వచ్చింది.

మన కర్తవ్యం

మన పేటల్లో డప్పు కొట్టేవారు, కథ చెప్పేవారు, పాట కట్టేవారు ఉన్నారు. వారిలో కొందరు మన ఇంటివారే. మిత్రులారా! పాట ఇతరులకు పంపేటప్పుడు పాడినవారి పేరు, ఊరు తప్పక రాద్దాం. డీజే పెట్టే అన్నయ్యలను కూడా ఆ పేరు మైకులో చెప్పమని అడుగుదాం. కళాకారుని దగ్గరే కొందాం. పాటను బతికించాలంటే ముందు పాడేవారు బతకాలి.