రంపం పట్టే ముందు మూడు లెక్కలు



సెలవుల్లో సొంత వ్యాన్‌లోనే పడక అమర్చుకుని పిల్లలతో అరకు వైపో, నాగార్జునసాగర్ వైపో వెళ్లాలని మీలో చాలామందికి ఉండవచ్చు. ఓమ్నీ, ఈకో లాంటి చిన్న బండిలోనూ ఇది సాధ్యమే. పని మొదలుపెట్టే ముందు మీ పిల్లలతో ఈ మూడు లెక్కలు చేయించండి. తరగతిలో నేర్చుకున్నది ఇంట్లో పనికొస్తుంది, ప్రయాణమూ క్షేమంగా సాగుతుంది.

ముందుగా ఒక నియమం. బండి బాడీని కోయవద్దు, సీట్లు పీకేయవద్దు. ఆర్‌సీలో ఉన్న వివరాలకు విరుద్ధంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. కాబట్టి సీటు మడిచి, పైన పరిచి, ఇంటికి రాగానే తీసేసే పడక చాలు.

1. బరువు లెక్క (6, 7 తరగతులు)

వ్యాన్ లోపలి కొలతలు పిల్లలనే తీయమనండి. ముందు పాత అట్టపెట్టెలతో నమూనా చేసి లోపల పెట్టి చూడండి. 8×4 అడుగుల 12 మి.మీ. ప్లైవుడ్ షీటు సుమారు 22 కిలోలు ఉంటుంది. 6×4 అడుగుల పడకకు అందులో ముప్పావు వంతు, అంటే 16.5 కిలోలు. కింద చెక్క కాళ్లు, అడ్డపట్టీలు కలిపితే 30 కిలోలు అనుకోండి. దానికి నలుగురి బరువు, 20 లీటర్ల నీళ్లు (20 కిలోలు), బ్యాటరీ, పొయ్యి, గిన్నెలు, బట్టలు కలపండి. బండి మొత్తం అనుమతి బరువు లోంచి ఖాళీ బండి బరువు తీసేయండి. మీ మొత్తం దానికంటే తక్కువే ఉండాలి. బరువైనవి కింద పెట్టి తాళ్లతో బిగించండి.

2. కరెంటు లెక్క (8 నుంచి 10 తరగతులు)

వోల్టులను ఆంపియర్-అవర్లతో గుణిస్తే వాట్-అవర్లు. 12 వోల్టుల 40 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో 480 ఉంటాయి. లెడ్-యాసిడ్ బ్యాటరీ అయితే సగమే, అంటే 240 వాడుకోవడం మంచిది. 20 వాట్ల ఫ్యాన్ 8 గంటలకు 160, 5 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు రెండు 4 గంటలకు 40, ఫోన్లకు 30. మొత్తం 230. ఒక రాత్రికి సరిపోయింది! ఇది బండి బ్యాటరీ కాకుండా విడి బ్యాటరీ అయితే ఉదయం బండి స్టార్ట్ కాదనే భయం ఉండదు. పాజిటివ్ తీగకు బ్యాటరీ దగ్గరే ఫ్యూజు తప్పనిసరి.

3. గాలి లెక్క (అన్ని తరగతులు, పెద్దలు కూడా)

ఇది అన్నిటికంటే ముఖ్యం. ఏసీ కోసం ఇంజిన్ ఆన్ చేసి, అద్దాలు మూసి నిద్రపోవద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. నిద్రలో ఉన్నవారికి తెలిసేలోపే ప్రాణం మీదికి వస్తుంది. వంట బండి బయటే చేయండి. లోపల బొగ్గుల కుంపటి కూడా వద్దు. గ్యాస్ లీకైతే గాలి కంటే బరువు కనుక నేల మట్టంలోనే నిలుస్తుంది. పడుకునేటప్పుడు ఇంజిన్ ఆపి, రెండు వైపులా అద్దాలు కాస్త దించి, దోమతెర కట్టండి.

చివరిగా రెండు మాటలు. బండి కదులుతున్నప్పుడు ఆ పడక మీద ఎవరూ ఉండకూడదు. అందరూ సీట్లలో, బెల్టు పెట్టుకునే ఉండాలి. అంటే పడక పరిచేది బండి ఆపాకే. చిన్న వ్యాన్‌లో ఇద్దరికే చోటు కాబట్టి ఒక పెద్దవారు, ఒక బిడ్డ లోపల పడుకుంటే, మిగిలినవారికి పక్కనే టెంటు. పిల్లలను ఒంటరిగా బండిలో వదలవద్దు.

మొదటి రాత్రి ఇంటి ముందే పడుకుని చూడండి. ఏది మరిచారో తెల్లారేసరికి తెలిసిపోతుంది. ఆ జాబితా మాత్రం పిల్లల చేతే రాయించండి.